మట్టిపళ్లెం సాక్ష్యం

ఉదగ్రుడికి పుట్టుకతోనే కోపం ఎక్కువ. నీలసీమ యువరాజుగా తన కోటలో ఉన్నన్నాళ్లూ ఆ కోపాన్ని భరించడానికి చుట్టూ మనుషులుండేవారు. ఇప్పుడు పరాయి రాజ్యంలో, తలకు ముతక పాగా చుట్టుకుని, రెండు భుజాల మీదా పూసల దండలు మోసుకొచ్చి కూలివాడి వేషంలో నిలబడ్డవాడికి దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. పళ్లు పటపట కొరికాడు. పక్కనున్న భటుడు పంటినొప్పి కాబోలనుకుని లవంగం పెట్టుకోమని సలహా ఇచ్చాడు.

అది తుషారగిరి మహారాజు హిరణ్యవర్మ కొలువుకూటం. స్ఫటికపు స్తంభాలు, వాటికి పెనవేసుకున్న బంగారు ద్రాక్షతీగలు, పైకప్పు నిండా మరకతాలు, మాణిక్యాలు, వాటి నడుమ ముత్యాలతో తాపిన ఆకాశగంగ. నేల అంతా గంధపు చెక్క. బయట మంచు కురుస్తోంది. అయినా లోపల వింజామరలు వీచేవారికి క్షణం తీరిక లేదు. ఎందుకంటే ఆ కోట కిందనే, కొండ గర్భంలో, సువర్ణకొలిమి రగులుతోంది.

ఆ కొలిమిని వెలిగించినవాడు ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు. పాతాళం నుంచి ఒక అగ్నిసర్పాన్ని మంత్రబలంతో రప్పించి, కొండ కడుపులో కట్టిపడేశాడు. అది బుస కొడితే రాళ్లు కరిగి బంగారం కారుతుంది. హిరణ్యవర్మకు అంతకంటే ఏం కావాలి? కానీ కొండ వేడెక్కుతోంది. కొండ నెత్తిన ఇంద్రకవాటమనే మంచుగోడ ఉంది. దాని వెనక సముద్రమంత సరస్సు. గోడ విరిగితే ఆ నీళ్లన్నీ పల్లంలో ఉన్న నీలసీమ మీద పడతాయి. గోడ మీద బీటలు పాకడం ఉదగ్రుడు తన కోట బురుజు మీద నుంచి కళ్లారా చూశాడు. రాయబారులను పంపితే హిరణ్యవర్మ వాళ్లకు తాంబూలాలిచ్చి, సాదరంగా సాగనంపాడు. అందుకే ఉదగ్రుడు తానే బయలుదేరి వచ్చి, మారువేషంలో హిమశాలలో కూలికి కుదిరాడు.

హిమశాలంటే ఆ రాజ్యంలో చలికి లెక్క కట్టే చోటు. కొండ మీద ఏడు చావళ్లున్నాయి. ఒక్కొక్క చావడి దగ్గర కాపరి సందెవేళ పళ్లెంలో నీళ్లుపోసి ఆరుబయట పెడతాడు. తెల్లవారి చూస్తే నీళ్ల మీద మంచు పేరుకుని ఉంటే తెల్లపూస, పేరుకోకపోతే ఎర్రపూస దారానికి గుచ్చుతాడు. ఏడాదికొక దండ. తాతల నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ అది.

ఆ దండలన్నీ ఈ రోజు సభలో గోడకు వేలాడుతున్నాయి. వేలాడదీయించింది హిమశాలకు అధికారిణి మంజులిక. ఎడమ చివర దండలు మల్లెచెండుల్లా తెల్లగా ఉన్నాయి. కుడివైపుకు వచ్చేకొద్దీ ఎరుపు చొరబడింది. చివరి దండల్లో తెల్లపూస కోసం వెతుక్కోవలసిందే. కొలిమి వెలిగిన ఏటి నుంచే ఈ ఎరుపు మొదలైందనీ, పామును వదిలి కొలిమి ఆర్పకపోతే ఇంద్రకవాటం నిలవదనీ ఆమె చెప్పి కూర్చుంది.

ధూమ్రజిహ్వుడు లేచాడు. పొడుగాటి మనిషి, నోరు విప్పితే పల్చటి పొగ వస్తుంది. సభాసదులు దాన్ని సాంబ్రాణి అనుకోవడం అలవాటు చేసుకున్నారు. అతను ముందుగా మంజులిక శ్రద్ధను మెచ్చుకున్నాడు. తర్వాత ఒక చేత మట్టిపళ్లెం, ఒక చేత కంచుపళ్లెం పైకెత్తి చూపించాడు. కొలిమి వెలిగిన ఏడాదే మహారాజు పట్టాభిషేకం కూడా జరిగింది. ఆ వేడుకలో ప్రభువులు చావళ్లన్నిటికీ కొత్త కంచుపళ్లేలు బహూకరించారు. మట్టి చెమరుస్తుంది, అందులో నీళ్లు త్వరగా చల్లబడతాయి. కంచు చెమర్చదు. కంచుపళ్లెంలో నీళ్లు పేరుకోకపోతే తప్పు కంచుదా, కొలిమిదా? అంతటితో ఊరుకోలేదు. మూడో చావడిని కొండగట్టు మీద నుంచి తెచ్చి రాజుగారి వంటశాల గోడకు ఆనించి కట్టారన్న సంగతి కూడా బయటపెట్టాడు.

"వంటశాల పొయ్యి పక్కన నీళ్లు గడ్డకట్టలేదని దేశానికి అన్నం పెట్టే కొలిమిని ఆర్పేద్దామా?" అన్నాడు.

సభ గొల్లున నవ్వింది. వాదానికి తీర్పరిగా కూర్చున్న ముసలి ఆచార్యుడు వైనతేయభట్టు మాత్రం నవ్వలేదు. ఎవరి మొహమాటమూ లేని మనిషని ఆయనకు పేరు. పళ్లేలు మార్చిన మాట నిజమేనా అని మంజులికను అడిగాడు. నిజమేనంది. చావడిని కదిల్చిన మాట? అదీ నిజమేనంది. పాత పళ్లేన్నీ కొత్త పళ్లేన్నీ పక్కపక్కన పోల్చి చూసే ఆధారం ఏదైనా ఉందా? తన చేతిలో లేదంది.

ఉదగ్రుడి చేయి తనకు తెలియకుండానే నడుముకు దాచిన బాకు మీదికి పోయింది. అడుగు ముందుకు వేయబోతే మంజులిక అతని పాదాన్ని తన మడమతో గట్టిగా తొక్కి, దండలు సర్దే నెపంతో పక్క వసారాలోకి లాక్కుపోయింది. అతనెవరో ఆమెకు మొదటి రోజే తెలుసు. కూలివాడి చేతులు అంత మెత్తగా ఉండవు, పాగా కింద రాజవంశపు పచ్చబొట్టు అసలే ఉండదు.

"వాడు అబద్ధాలాడుతుంటే మీరంతా చేతులు కట్టుకుని వింటున్నారు" అన్నాడు ఉదగ్రుడు, ముక్కుపుటాలు అదురుతుంటే.

"వాడు అబద్ధమాడలేదు యువరాజా. వాడు చెప్పిన ప్రతి ముక్కా నిజం. అందుకే నాకు ఒళ్లు మండుతోంది. మీ కోపంతో నాకు పనిలేదు, జవాబుతో పని ఉంది." గొంతు తగ్గించింది. "ఏడో చావడికి వెళ్లగలరా?"

ఏడో చావడి కొండ కొమ్మున ఉంది. దాని కాపరి ఈరవ్వ. వాళ్ల గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. పగలని పాత్రను పక్కన పడేస్తే ఇంటి ఆడబిడ్డను గెంటేసినంత పాపం. దానంతటది పగిలే దాకా రోజూ దానితో పని చేయించాల్సిందే. కంచుపళ్లెం వచ్చినప్పుడు ఈరవ్వ మట్టిపళ్లేన్ని మానలేదు. రెండూ పక్కపక్కనే పెట్టి, రెండు దండలు గుచ్చి పంపేది. అప్పటి హిమశాల అధికారి ఒక చావడికి రెండు దండలేమిటని తిట్టి, మట్టిపళ్లెం దండను ఏటేటా తిప్పి పంపేసరికి ఆమె దాన్ని పంపడమే మానేసింది. ఈరవ్వ వాటిని పారేయకుండా ఉంటే అదే జవాబు. పొద్దు వాలేవరకూ వాదాన్ని ఎలాగో సాగదీస్తానని మంజులిక మాట ఇచ్చింది.

ఉదగ్రుడు మరో మాట వినలేదు. పెరట్లో రాజుగారి వేటకోసం సిద్ధంగా ఉన్న మంచుబండి మీదికి ఎగిరి కూర్చుని, కొండకుక్కల పగ్గాలు అదిలించాడు. కావలివాళ్లు తేరుకుని అరిచేసరికి బండి కోట వెనక వాలు ఎక్కేసింది.

ఆ దారి అందం చెప్పతరం కాదు. దేవదారు కొమ్మలనిండా వెండి పొడి, లోయలో నీలిరంగు పొగమంచు, ఎండ పడినచోటల్లా వజ్రాలు చల్లినట్టు మెరుపు. ఉదగ్రుడికి అదేదీ కంటికి ఆనలేదు. ప్రతి బండ సందులోంచీ కారుతున్న నీళ్లే కనిపించాయి. తన తల్లీ, తన జనమూ ఆ నీళ్ల కిందనే కాపురం ఉన్నారు.

పెద్ద అగాధం అడ్డొచ్చింది. దాని మీద పాలరాతి వంతెన ఒకటి, రెండు వైపులా ఏనుగు బొమ్మలతో, రాజమార్గంలా ఉంది. ఇంత ఎత్తున వంతెన ఎవరు కట్టారో అడిగే ఓపిక అతనికి లేదు. కుక్కలను తోలాడు. అవి కాళ్లు తన్నిపెట్టి కదలకుండా మొరాయించాయి. కోపంతో కొరడా ఎత్తినవాడు అంతలో ఒకటి గమనించాడు. చుట్టూ మంచు రాలుతోంది గానీ వంతెన మీద ఒక్క పలుకైనా నిలవడం లేదు. పిడికెడు మంచు తీసి విసిరాడు. అది చుయ్యిమని ఆవిరైపోయింది. ఆ మరుక్షణం ఏనుగులు, స్తంభాలు, వంతెన అంతా పొగగా విడిపోయి, ఆ పొగలోంచి నిప్పుకాకులు గుంపుగా లేచాయి. రెక్క విదిల్చితే రవ్వలు. బండి అంటుకుంది. ఉదగ్రుడు బాకుతో పగ్గాలు కోసి కుక్కలను వదిలేసి, తాను అగాధం అంచున వేలాడుతున్న మంచుకంబాన్ని పట్టుకుని కిందికి జారాడు. అడుగున ప్రవాహాన్ని ఈది, ఆవలి గోడ మీద గోళ్లతోనూ బాకుతోనూ పాకి పైకి చేరేసరికి పాగా కాలిపోయింది, ఒక చెవి కమిలింది. ధూమ్రజిహ్వుణ్ణి అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఏడో చావడి ముందు ఈరవ్వ జడలబర్రెకు గడ్డి వేస్తోంది. ఒళ్లంతా కాలి, తడిసి, వణుకుతూ వచ్చిన మనిషిని చూసి ఆమె జాలిపడలేదు. సర్కారు మనిషివా అని అడిగింది. మట్టిపళ్లెం దండల కోసం వచ్చానని అతను అనగానే ఇంతెత్తున లేచింది.

"ఇన్నేళ్లూ ఎవురికీ అక్కర్లేని దండలు ఇయ్యాల గుర్తొచ్చినయ్యా? చచ్చే చలిలో పొద్దున్నే లేచి రెండు పళ్లేలు చూసి చూసి నా నడుము ఇరిగింది. ఆ మట్టిది పగిలి సావదు, నన్ను సావనియ్యదు. మీ శాలోడు నా మొకాన ఇసిరికొట్టిండు నాయనా, పిచ్చిముండా అని."

ఆ చెప్పడంలో ఆమెకు ఏ వాదంలోనూ గెలవాలని లేదు. చలి పెరిగినా తరిగినా తనకు లెక్కలేదంది. పాత్రను పారేయకూడదు కనక పెట్టింది, పెట్టాక చూడకుండా ఉండలేక చూసింది, అంతే. దండలేవని ఉదగ్రుడు ప్రాధేయపడ్డాడు. ప్రాధేయపడటం అతనికి చేతకాని పని, అందుకని అది గద్దింపులాగే వినిపించింది. ఈరవ్వ గడ్డం ఎగరేసి బర్రెను చూపించింది.

దండలన్నీ బర్రె మీద ఉన్నాయి. కొమ్ములకు కొన్ని, మెడకు కొన్ని, వీపు మీద జల్లెడలా అల్లి కొన్ని. పారేయడానికి మనసొప్పక పశువుకు సింగారం చేసిందట. ఏ దండ ఏ ఏటిదో కొసన కట్టిన ఊలు ముడిని బట్టి చెప్పగలదట. విప్పుదామని ఉదగ్రుడు చేయి వేస్తే బర్రె అతన్ని కొమ్ముతో ఎత్తి గడ్డివాములో పడేసింది. పరాయివాళ్లను అది దగ్గరికి రానివ్వదు, ఈరవ్వ లేనిదే అడుగు తీసి అడుగు వేయదు.

"అయితే నువ్వూ రా" అన్నాడు గడ్డిలోంచి.

"మొన్న నా కోడల్ని నీళ్లు ఈడ్చుకుపోయినయ్" అంది ఈరవ్వ, ఉన్నట్టుండి మెల్లగా. "ఎప్పుడూ గడ్డకట్టి ఉండే వాగు. నమ్ముకుని దాటింది." పమిట చెంగు నడుముకు బిగించి, మట్టిపళ్లేన్ని ఒళ్లో పెట్టుకుని బర్రె ఎక్కింది. వెనక కూర్చోమని అతనికి సైగ చేసింది.

దిగడం ఎక్కినట్టు కాలేదు. ఈరవ్వకు దారులతో పనిలేదు. బర్రెను నేరుగా నున్నటి వాలు మీదికి తోలి, అది కూలబడి జారుతుంటే తోక పట్టి తిప్పింది. నిప్పుకాకులు మళ్లీ వచ్చాయి. ఉదగ్రుడు వెనక్కి తిరిగి కూర్చుని, అందిన మంచునల్లా ముద్దలు చేసి కొట్టాడు. తగిలిన కాకి తగిలినట్టే బొగ్గై రాలింది. ఈరవ్వ వాటి ఏడు తరాలను తిడుతూనే ఉంది. బర్రె జూలు కాలిన కంపు తప్ప, ఒక్క పూసయినా పోకుండా కోట పెరట్లో పడ్డారు.

జడలబర్రె కొలువుకూటంలోకి నడిచి వస్తే గంధపు చెక్క నేల గిట్టల కింద పెళపెళలాడింది. సభాసదులు పంచెలు ఎగదోసుకుని స్తంభాల వెనక్కి తప్పుకున్నారు. మంజులిక అప్పటికి గొంతు పోయేదాకా మాట్లాడి ఉంది. బర్రెను చూడగానే నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసి, పరుగెత్తుకొచ్చి దండలు విప్పడం మొదలుపెట్టింది. ఈరవ్వ ఒక్కొక్క ముడీ తడిమి ఏటి పేరు చెబుతుంటే, ఏడో చావడి కంచుపళ్లెం దండ పక్కన అదే ఏటి మట్టిపళ్లెం దండను వేలాడదీశారు.

పశువు మెడలో దండలు కూడా సాక్ష్యమేనా అని ధూమ్రజిహ్వుడు ఈసడించాడు. ఎవరి మెడలో ఉన్నాయన్నది కాదు, ఎవరు ఎలా గుచ్చారన్నది చూస్తానని వైనతేయభట్టు లేచి వచ్చాడు. ఈరవ్వను ఎదురుగా నిలబెట్టి, పళ్లేలు ఎక్కడ పెట్టేదీ, ఎప్పుడు చూసేదీ, మబ్బు రోజున ఏం చేసేదీ గుచ్చి గుచ్చి అడిగాడు. జ్వరం వచ్చిన రోజుల్లో చూడలేదనీ, ఆ రోజులకు పూస లేకుండా ఉత్త ముడి వేశాననీ ఆమె విసుక్కుంటూ చెప్పింది. ఆయన ఆ ముడులను వేలితో తడిమి చూశాడు. తర్వాత గోడ పొడవునా నడిచాడు, మళ్లీ వెనక్కి నడిచాడు. 

"ధూమ్రజిహ్వా, నువ్వు చెప్పింది నిజం" అన్నాడు చివరికి. "ప్రతి ఏడూ మట్టి దండ కంటే కంచు దండ ఎరుపు. పళ్లెంలో దోషం ఉంది. ఎంత ఉందో కూడా ఇప్పుడు కళ్లకు కడుతోంది. ఆ మేరకు అన్ని చావళ్ల దండల్లోనూ ఎరుపు తీసేశాను. వంటశాల పక్క చావడిని అసలు లెక్కలోంచే కొట్టేశాను. అయినా దండలు ఏటికేడు ఎర్రబడుతూనే ఉన్నాయి. ఈమె మట్టిదండ కూడా. నా అనుమానం తీరింది. కొండ వేడెక్కుతోంది, కొలిమి ఆర్పాలి."

ఉదగ్రుడి గుండెల మీంచి బరువు దిగింది. ఇన్నాళ్లకు ఒక మనిషి నోట ఆ మాట విన్నాడు. తల్లిని చూడాలనిపించింది. అప్పుడు సింహాసనం మీద హిరణ్యవర్మ మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"బాగుంది ఆచార్యా. ఇంత కష్టపడ్డారు గానీ, ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు." రాజు తాంబూలం రెండో దవడకు మార్చుకున్నాడు. "నా వేసవి మేడను ఏటేటా పైకి మార్చి కట్టుకుంటున్నాను, పూసలు చూసి కాదు, నా ఒంటికి పట్టే చెమట చూసి. గోడ విరిగితే నీళ్లు ఎటు పోతాయో కూడా మనుషుల్ని పంపి చూపించాను. ఇటు రావు. నీలసీమకు పోతాయి. కాబట్టి తీర్పు ఇంకా తేలలేదని రాయండి. పళ్లేల మీద మరోసారి చర్చ పెడదాం. మీరు వాదించుకున్నన్నాళ్లూ నా కొలిమి మండుతుంది."

సభ నవ్వలేదు. కొందరు నేలకేసి చూశారు.  జీవితమంతా నిజాయితీగా అనుమానించిన మనిషి వైనతేయభట్టు, తన అనుమానాన్ని ఎవరు దేనికి వాడుకున్నారో ఆ క్షణాన అర్థం చేసుకున్నాడు. రాతగాడి చేతిలోంచి గంటం లాక్కుని విరిచేశాడు. విచారణ ముగిసిందనీ, తీర్పు చెప్పేశాననీ, తల తీసినా అదే తీర్పనీ అన్నాడు. 

ఈ లోపల ఉదగ్రుడు నడవడం మొదలుపెట్టాడు. విచిత్రంగా అతని పళ్లు పటపటలాడలేదు, ముక్కుపుటాలు అదరలేదు. కోపం అతన్ని దాటి ఎక్కడికో పోయింది. కాలిన పాగా పీలికలు తీసి పారేస్తే నీలసీమ రాజవంశపు పచ్చబొట్టు నుదుట బయటపడింది. భటులు గుర్తుపట్టి కత్తులు దూసేసరికి అతను ధూమ్రజిహ్వుడి జుట్టు పిడికిట పట్టుకున్నాడు. మాంత్రికుడు పొగగా మారబోయాడు. ఈరవ్వ మట్టిపళ్లెంలో దారిపొడవునా రాలి కరిగిన మంచునీళ్లు అతని మొహాన కొట్టింది. పొగ చల్లారి మళ్లీ మనిషయ్యాడు.

ఉదగ్రుడు అతన్ని సింహాసనం వెనకకు ఈడ్చుకుపోయాడు. అక్కడ కొలిమి గొంతు తెరుచుకుని ఉంది. బంగారం పైకి తోడే ఇనుప గొలుసులు చీకట్లోకి వేలాడుతున్నాయి, అడుగున ఎర్రటి వెలుగు.

"పాము నీ మాటే వింటుందిగా" అన్నాడు. "పద, వచ్చి చెప్పు."

ఒక చేత గొలుసు, ఒక చేత మాంత్రికుడు, దూకేశాడు. పైన కత్తుల చప్పుడు, మంజులిక కేక, బర్రె రంకె దూరమయ్యాయి. వేడికి కనురెప్పలు కమిలాయి. గొలుసు కొసన ఉన్న రాతిగట్టు మీద దిగేసరికి, కొండంత చుట్టల నడుమ నుంచి అగ్నిసర్పం తలెత్తి కళ్లు తెరిచింది. ధూమ్రజిహ్వుడు దాన్ని వదిలించే మంత్రం చెబితే తన బతుకు ముగుస్తుందనీ, చెప్పనంటే చెప్పననీ గింజుకున్నాడు.

అప్పుడు పైన, కోటకూ చావళ్లకూ చాలా పైన, ఏదో విరిగిన చప్పుడు వినిపించింది. పిడుగులా వచ్చి ఆగిపోలేదది. సాగుతూనే ఉంది. కొలిమి గోడల మీద నుంచి సన్నగా నీళ్లు కారడం మొదలైంది.

ఇంద్రకవాటం. సభలో పళ్లేల మీద వాదం నడిచినంత సేపూ అది చిట్లుతూనే ఉండి ఉంటుంది. పూర్తిగా కూలేలోగా పామును వదిలిస్తే, మిగిలిన గోడయినా నిలవచ్చు. ఉదగ్రుడు బాకును మాంత్రికుడి గొంతు కింద ఆనించాడు. నీలసీమలో ఈ వేళకు అందరూ పొయ్యి ముట్టించుకుంటూ ఉంటారు.

"చెప్పు" అన్నాడు.